ఒక ఎత్తు ఎక్కువ

నిర్మల్ బస్టాండ్‌లో ఆదిలాబాద్ బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చోగానే విజయేందర్ మొదట చేసిన పని ఒళ్లో లాప్‌టాప్ తెరవడం, తెరవకపోతే చేతులు ఏం చేయాలో తెలియదు, చేతులు ఖాళీగా ఉంటే మమతారాణికి ఏం చెప్పాలో ఆలోచించాల్సి వస్తుంది, ఇచ్చోడ చేరడానికి గంట పైనే పడుతుంది, గంటసేపు ఆ ఒక్క సంగతే ఆలోచించడం తనవల్ల కాదు. తెర మీద నలభై మూడో లెవెల్. పొద్దున కరీంనగర్‌లో మూసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ముప్పై ఆరు గళ్ల చదరం, అందులో తొమ్మిది పెట్టెలు, ఎనిమిది బూడిద రంగువి, ఒకటి ఎర్రది. బూడిద పెట్టెలను ఒక్కొక్కటిగా తప్పిస్తూ ఎర్ర పెట్టెను కుడివైపు తలుపు దాకా చేర్చాలి, ఇచ్చిన ఎత్తుల్లోనే చేర్చాలి. నలభై మూడుకు ఇచ్చినవి పద్నాలుగు. ఆట అంతా ఇంతే, ఇలాంటి లెవెళ్లు అరవై, అరవైనీ రెండేళ్ల కింద మమత ఒక్కతే అల్లింది. ఇప్పుడు అవే అరవై మళ్లీ రావాలి, ఈసారి ఇంకా గట్టిగా, మొదటి చుట్టు గెలిచినవాళ్లు విసుగు పుట్టి ఆటను ఫోన్‌లోంచి తీసేయకుండా. సోమవారం లోపు ఇవ్వాలన్నాడు కంపెనీ యజమాని ఓంప్రకాశ్ సార్. యాభై తొమ్మిది అయ్యాయి. ఇదొక్కటి కావడం లేదు.

మిగతా యాభై తొమ్మిదీ ఎలా అయ్యాయో తలుచుకుంటే అందులో పెద్ద గొప్పేమీ లేదు. ఒక పెట్టెకు మేకు కొట్టినట్టు కదలకుండా చేయడం, ఒక గడిని మూసేయడం, ఇచ్చిన ఎత్తుల్లో ఒకటి తగ్గించడం. అతను రాసుకున్న ప్రోగ్రాం ఒకటుంది, ప్రతి లెవెల్‌నూ తనంతట తానే ఆడి ఎన్ని ఎత్తుల్లో తేలుతుందో చెబుతుంది. పదకొండు ఇచ్చిన చోట పదితో తేలుతుందని చెప్పేది, పదిహేడు ఇచ్చిన చోట పదహారుతో. ప్రతిచోటా ఒకటి మిగులు. ఆ ఒకటి తీసేస్తే చాలు, లెవెల్ కరుకుగా మారిపోయేది. నలభై మూడు దగ్గర మాత్రం ప్రోగ్రాం పద్నాలుగే అంటోంది. మిగులు లేదు. ఏ పెట్టెకు మేకు కొట్టినా దారి లేదంటోంది, ఏ గడి మూసినా దారి లేదంటోంది. పన్నెండు రోజులుగా అంతే.

పక్క సీట్లో ఎవరో కూర్చున్నారు, కూర్చున్నాక గాని చూడలేదు, ఒక ముసలమ్మ, కాళ్ల దగ్గర గోనెసంచి, మెడలో ఎర్ర పూసలు. చాలాసేపు తెరవంక చూసింది. బస్సు ఊరు దాటి పత్తి చేల మధ్యకు వచ్చింది, చేలలో తెల్లగా పగిలిన కాయలు, నడుములకు కొంగులు బిగించుకుని ఏరుతున్న ఆడవాళ్లు, ఒక్కరూ తలెత్తడం లేదు.

"ఏంది బిడ్డా, పిల్లలాడేదా?"

"అవునవ్వా. ఆటనే. నేనే తయారు చేస్తున్న."

"మంచిగున్నది. మరి ముఖం గట్ల పెట్టినవేంది?"

"గట్టిగ చెయ్యాలె దీన్ని. గెలిచినోళ్లు మల్ల ఆడాలె కద."

"గెలిసినంక మల్లెందుకు ఆడుతరు?" అంది ముసలమ్మ, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. అతను జవాబు వెతుక్కునేలోపే కండక్టర్ వచ్చాడు, ఆమె ఆధార్ కార్డు కోసం కొంగుముడి విప్పడంలో పడింది, ప్రశ్న అక్కడే ఉండిపోయింది.

గెలిచాక మళ్లీ ఎందుకు ఆడతారు. అమ్మ ఆడింది. మందమర్రిలో క్వార్టర్ ముందు మెట్ల మీద కూర్చుని, బాపు బొగ్గుగని షిఫ్టుకు వెళ్లాక, చూపుడు వేలితో పెట్టెలను మెల్లగా తోస్తూ. పేరు కనకవ్వ అని తనే టైపు చేసుకుంది, అక్షరాలు వెతుక్కుని. అరవై లెవెళ్లూ నెల రోజుల్లో గెలిచింది, ఆ నెలంతా ఫోన్ చేసినప్పుడల్లా ఇయ్యాల ముప్పై రెండు, ఇయ్యాల ముప్పై ఆరు అని చెప్పేది, తిన్నావా అని అడగడం కూడా మరిచిపోయి. గట్టి చేసిన మొదటి ఇరవై లెవెళ్లను పోయిన నెల ఆమె ఫోన్‌లోనే ముందుగా వేసి ఇచ్చాడు. మూడోది దాటలేదు. మూడు రోజుల తర్వాత అడిగితే, ఆడుతలేను కొడుకా అంది. ఎందుకమ్మా. అవే పెట్టెలు, అదే తలుపు, నాకు తెల్వనిదేమున్నది అనుకున్న, గని గిది నన్ను బయటికి నూకుతున్నట్టున్నది, మొదలు ఆడింది గట్ల లేకుండె, ఎవలో పక్కన కూసొని సూస్తున్నట్టుండె. నువ్వే జేసినవా మొదటిది గుడ? కాదమ్మా అన్నాడు. మరెవలు? అతను మాట మార్చాడు, మోకాళ్ల నొప్పికి తెచ్చిన మందు పనిచేస్తోందా అని అడిగాడు.

బస్సు ఘాట్ ఎక్కుతోంది. టేకు చెట్లు, పెద్ద ఆకులు దుమ్ము పట్టి, పిట్టగోడ మీద కోతులు బస్సుల్లోంచి పడేవాటి కోసం బారులు తీరి కూర్చున్నాయి. మలుపు మలుపుకూ లాప్‌టాప్ ఒళ్లోంచి జారుతోంది, రెండు చేతులతో పట్టుకున్నాడు. ఎవరో పక్కన కూర్చుని చూస్తున్నట్టు. కరీంనగర్ మంకమ్మతోటలో ఆ మూడో అంతస్తు గది, రెండు బల్లలు, ఒక కిటికీ, కిటికీ వైపు బల్ల మమతది. ఆమెది సిరిసిల్ల, ఇంట్లో నాలుగు సాంచాలు నడిచేవి, ఆ మరమగ్గాల చప్పుడులో పెరగడం వల్ల మెల్లగా మాట్లాడటం తనకు రాదని నవ్వేది. లెవెల్ మొదలు కాగితం మీద గీసేది, పెట్టెలకు బదులు గుండీలు పెట్టి జరుపుకుంటూ. గుండీలు ఎక్కడివని అడిగితే, పాత చొక్కాలవి అంది. కింద వాచ్‌మన్ లింగమూర్తిని పైకి పిలిచి ఆడించేది. అతను తప్పు ఎత్తు వేసినప్పుడు ఆమె ఏమీ అనేది కాదు, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూసేది, లింగమూర్తి తల గీరుకునే క్షణం కోసం. తల గీరుకుంటే కాగితం మీద ఏదో రాసుకునేది. ఏం రాసుకుందో విజయేందర్ ఎప్పుడూ అడగలేదు. పక్క బల్ల, నాలుగడుగుల దూరం.

ఆ రోజు కూడా మామూలు రోజే. ఓంప్రకాశ్ సార్ లోపలికి పిలిచాడు, తలుపు దగ్గరికి వేయమన్నాడు. లెవెళ్లు అయిపోయినయ్, ఇగ ఇద్దరు అవసరం లేరు, ఒక్కరే ఉండాలె, ఆట ఎట్లున్నదో నువ్వు జర ఒక రిపోర్టు రాసియ్యి, అన్నాడు. ఆమె గురించి రాయమనలేదు. ఆ మాట అతను తర్వాత చాలాసార్లు తనకు తాను గుర్తు చేసుకున్నాడు, ఆమె గురించి రాయమని ఎవరూ అడగలేదు. రిపోర్టు రెండు పేజీలు. వందమంది ఆడితే ఇరవయ్యో లెవెల్ తర్వాత ముప్పైమంది ఆగిపోతున్నారు, లెవెళ్లు మరీ సులువు. అది నిజం. ఆ ముప్పైమందిలో ఇరవై ఇద్దరు వారం తిరగకుండా మళ్లీ వచ్చి చివరిదాకా ఆడారు, అదీ నిజమే, అది రెండో పట్టికలో ఉంది, రెండో పట్టిక జత చేయలేదు. చివర్లో ఇంకో వాక్యం. చూసిన నాలుగైదు లెవెళ్లలోనూ అవసరానికి మించి ఒక ఎత్తు ఎక్కువ ఇచ్చారు, లెక్క చూసుకోవడంలో అశ్రద్ధ కనిపిస్తోంది. ఆ వాక్యం రాసినప్పుడు కిటికీ వైపు బల్ల దగ్గర ఆమె గుండీలు జరుపుతోంది, తెర కొంచెం పక్కకు తిప్పుకున్నాడు, అంతే. రెండు రోజుల తర్వాత ఆమె గుండీలను ఒక అగ్గిపెట్టెలో పోసుకుని వెళ్లిపోయింది. పోతున్న విజయేందర్, అంది. సరే మమతా, అన్నాడు.

ఘాట్ దిగింది. నేరడిగొండ. ముసలమ్మ గోనెసంచి లాక్కుంటూ దిగిపోయింది, ఆమె చోటులో మరాఠీలో మాట్లాడుకుంటూ ఇద్దరు ఆడవాళ్లు సర్దుకుని కూర్చున్నారు, పత్తి రేటు గురించో పెళ్లి గురించో, కొన్ని మాటలు అందుతున్నాయి, కొన్ని లేదు. చెప్పాలా వద్దా అన్న సంగతి అతను నిర్మల్‌లో బస్సు మారినప్పుడే తేల్చుకున్నాననుకున్నాడు, చెప్పాలని. అంతకుముందు జగిత్యాల దగ్గర వద్దనుకున్నాడు. మమతను ఫోన్‌లో నలభై మూడో లెవెల్ గురించే అడిగాడు, నీ లెవెల్ ఒకటి సమజైతలేదు, వచ్చి కలుస్తనన్నాడు. ఆమె ఆశ్చర్యపోలేదు. నాలుగుంబావుకు స్కూల్ ఇడుస్తది, ఐదింటికి పాపను డాన్స్ క్లాసుల నుంచి తోల్కరావాలె, నడుమల అరగంట ఉంటది, బస్టాండ్ ముందట హోటల్ల కూసో అంది. పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతోందని అంతకుముందే ఎవరో చెప్పగా విన్నాడు. చెప్పకపోతే ఏమవుతుంది. ఏమీ కాదు. రెండేళ్లుగా ఏమీ కాలేదు. కాని రోజూ ఆమె లెవెళ్లు ఒక్కొక్కటే తెరిచి లోపలికి చూస్తుంటే, యాభై తొమ్మిదింటిలోనూ మిగులు ఒకే ఒక్క ఎత్తు, రెండు కాదు, సున్నా కాదు, సరిగ్గా ఒకటి, అశ్రద్ధ ఉన్నవాళ్లు ప్రతిసారీ అంత సరిగ్గా ఎలా తప్పుతారు. ముప్పయ్యో లెవెల్ దగ్గరే ఆ అనుమానం వచ్చింది. ఆ తర్వాత ప్రతి లెవెల్ తెరవడానికి ముందు లేచి నీళ్లు తాగి వచ్చేవాడు.

ఇచ్చోడలో దిగినప్పుడు నాలుగైంది. హోటల్లో రేకుల కింద నాలుగు బల్లలు, రోడ్డు మీద పత్తి లారీలు, తాడు బిగించిన బోరా సంచుల పైన మనుషులు. చాయ్ చెప్పాడు, వచ్చింది, తాగలేదు. ఆమె స్కూటీ మీద వచ్చింది, చేతివేళ్లకు సుద్దముక్క తెలుపు, కొంచెం లావైంది, ఎదురుగా కూర్చుంటూనే, గట్టిగా, రెండు బల్లల అవతలికి వినిపించేంత గట్టిగా, "ఏది, తియ్యి," అంది. ఎలా ఉన్నావని అడగలేదు. అతను లాప్‌టాప్ తిప్పి పెట్టాడు.

"ప్రోగ్రాం పద్నాలుగే అంటున్నది మమతా. ఒక్క ఎత్తు గుడ మిగుల్తలేదు. ఏం మార్చినా దారి దొరుకుతలేదు."

ఆమె తెరవంక చూసింది. వేలు గాల్లో రెండుసార్లు కదిలింది, రెండేళ్లుగా మరిచిపోయినదాన్ని పట్టుకుంటున్నట్టు. తర్వాత ఎర్ర పెట్టె మీద వేలు పెట్టి, తలుపు వైపు కాదు, ఎడమకు, వెనక్కి ఒక గడి జరిపింది.

"వెనుకకు ఎందుకు?"

"సూడు."

పన్నెండు ఎత్తులు. ఒకటీ ఒకటీ, తొందర లేకుండా. ఎర్ర పెట్టె తలుపు దాటింది. మొత్తం పదమూడు. ఆమె చాయ్ గ్లాసును, అతనిదే, తన వైపు లాక్కుంది.

ఎర్ర పెట్టె వెనక్కి పోదు అని ప్రోగ్రాంలో రాసింది అతనే. తలుపు కుడివైపు ఉన్నప్పుడు ఎడమకు పోయే దారులన్నీ వెతకడం వృథా అని, త్వరగా తేలుతుందని, మొదటి రోజే రాసి మరిచిపోయాడు. మిగతా యాభై తొమ్మిదిలో ఆ అవసరం రాలేదు. ఒక వాక్యం. తీసేస్తే సరిపోయేది. ఇది చూడటానికి కరీంనగర్ నుంచి ఇంత దూరం. అతనికి నవ్వు వచ్చింది, నవ్వలేదు, అప్పుడే నోట్లోంచి ఇంకో మాట వచ్చింది, ఘాట్ అంతా పేర్చుకున్న మాటల్లో ఒక్కటి కూడా కాదు.

"నిన్ను తీసేసినప్పుడు రిపోర్టు నేనే రాసిన."

"తెలుసు," అంది ఆమె, గ్లాసు దించకుండానే.

"ఎట్ల?"

"ఓంప్రకాశ్ సార్ నా ముందటనే పెట్టిండు గా కాయితం. సదువుకొమ్మన్నడు. సదివిన. నీ పేరున్నది కింద."

లారీ ఒకటి హారన్ కొడుతూ పోయింది. అగ్గిపెట్టె, పోతున్న విజయేందర్, సరే మమతా. అప్పటికే తెలుసన్నమాట. ఆ నాలుగడుగుల దూరంలో నిలబడి, తెలిసి, ఆ మాట చెప్పి వెళ్లింది.

"మరి నన్నెందుకు అడుగలే?"

"ఏమని అడగాలె? రాసినోనివి నువ్వు. నువ్వు చెప్తవేమో అని ఒక నెల సూసిన. ఫోన్ మోగినప్పుడల్లా నువ్వే అనుకున్న. అటెనుక ఈ స్కూల్ల చేరిన, పిల్లలతోటి తీరికుంటదా, యాది మరిచిన." గ్లాసు బల్ల మీద పెట్టింది. "అందరు ఇడిసిపెట్టి పోతున్నరని రాసినవ్. సరే, గది లెక్క. గని అశ్రద్ధ అని రాసినవ్ సూడు, గది మాత్రం ఇంటికి పోయినంక గుడ మనసులకెళ్లి పోలే."

"గా ఒక్క ఎత్తు..."

"తెల్వకనా? లింగమూర్తి ఆడేటప్పుడు సూడలేదా నువ్వు? మనిషి కొత్త జాగల ఒక్కతప్పన్న చేస్తడు. చేసినంక తెలుస్తది, అరే తప్పు పోయినా అని. గప్పుడు మల్ల మొదటికెళ్లి రమ్మంటే ఎవలొస్తరు? గందుకని ఒక తప్పుకు జాగ పెట్టిన. ప్రతిదాంట్ల. రెండు తప్పులకు పెట్టలే, పెడితే ఆట ఉండదు."

పక్క బల్ల మీద ఒకతను మిర్చి బజ్జీ విరిచి ఉల్లిగడ్డ కూరుతున్నాడు, విజయేందర్ ఆ వేళ్లను చూస్తూ కూర్చున్నాడు. సారీ అన్న మాట వచ్చింది, అన్నాడు కూడా, చాలా చిన్నగా వినిపించింది, ఆమె గొంతు పక్కన. ఆమె తల ఊపింది, తీసుకున్నట్టో, విన్నట్టో.

"మరి గిప్పుడు నేను ఆ జాగ తీసేస్తున్న," అన్నాడు. "అరవైట్ల."

"తీసెయ్యాల్సిందే. మంచిగనే చేస్తున్నవ్. మొదటిసారి వచ్చెటోనికి దారి తెల్వది. రెండోసారి వచ్చెటోనికి తెలుసు. తెలిసి తప్పు పోతే ఇగ మొదటికే పోవాలె."

ఆమె అది ఆట గురించే అంది, కళ్లు తెర మీదే ఉన్నాయి. అతను అలాగే తీసుకోవడానికి ప్రయత్నించాడు.

ఫోన్ తీసి ఓంప్రకాశ్ సార్‌కు చేశాడు, ఆమె ముందే, లేకపోతే బస్సెక్కాక చేయనని అతనికి తెలుసు. నలభై మూడు అయిపోయిందని చెప్పాడు, శబాష్ అన్నాడు అవతల. రెండేళ్ల కింద రాసిన రిపోర్టులో సగమే రాశానని, ఆగిపోయినవాళ్లు మళ్లీ వచ్చారని, ఎత్తుల లెక్కలో తప్పేమీ లేదని, కావాలనే అలా పెట్టారని చెప్పాడు.

"గిదంత ఇప్పుడెందుకు విజయేందర్?"

"మమత పేరు ఆటల ఎక్కడ లేదు సార్. పెట్టాలె."

"పెట్టు, నేనద్దన్ననా? ఇద్దరిట్ల ఒకరినే ఉంచుకునేది ఉండె అప్పుడు. నువ్వు రాయకున్నా ఎవర్నో ఒకర్ని తీసేద్దును. నిన్నే తీసేద్దునేమో, నాకే తెల్వదు." అవతల ఫ్యాన్ చప్పుడు. "సోమవారం పంపు మరి."

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఏదో తేలికపడుతుందని అనుకున్నాడు కాబోలు, ఏమీ తేలిక పడలేదు, కడుపులో ఆకలి మాత్రం తెలిసింది, పొద్దున్నుంచి తినలేదు. మమత టైం చూసుకుని లేచింది, స్కూటీ తాళం చెవి కోసం సంచీలో వెతుకుతూ.

"నీ పేరు అన్నిట్ల పెడ్త," అన్నాడు. "అరవై, అరవై."

"వద్దు. మొదటి అరవైకి పెట్టు, అవి నావి." తాళం చెవి దొరికింది. "రెండో అరవై నీవే. నీ పేరే పెట్టుకో."

స్కూటీ రోడ్డెక్కి లారీల మధ్య నుంచి ఊళ్లోకి తిరిగింది. వెనక్కి చూడలేదు, చూడాల్సిన పనీ లేదు, ఐదింటికి పాప ఎదురుచూస్తూ ఉంటుంది. అతను రెండు బజ్జీలు తిని, నిర్మల్ బస్సు వస్తే ఎక్కాడు. సగం ఖాళీ. ఎండ ఇప్పుడు అవతలి వైపు కిటికీల్లోంచి పడుతోంది. లాప్‌టాప్ తెరిచి, పాత ఆటలో మొదటి లెవెల్ తెరిచాడు. రూపకల్పన అని ఒక చోటు ఉంది, రెండేళ్లుగా ఖాళీగా. అందులో మమతారాణి అని రాసి భద్రం చేశాడు. రెండోది తెరిచాడు. చిన్న ప్రోగ్రాం రాస్తే అరవైటిలోనూ ఒక్క క్షణంలో పడే పని, అది అతనికి తెలుసు, రోజూ చేసేదే. ఒక్కోటే తెరిచి రాశాడు. ఘాట్ మలుపుల్లో వేలు జారి రా బదులు ర పడేది, వెనక్కి వెళ్లి దిద్దేవాడు. నిర్మల్ వచ్చేసరికి యాభై రెండు అయ్యాయి. కరీంనగర్ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది, కండక్టర్ కేకేశాడు, వెళ్లమని చెయ్యి ఊపి, మిగిలిన ఎనిమిది బస్టాండ్ బెంచీ మీద కూర్చుని రాశాడు.